టైటిల్ బ్లాక్‌లో మూడు గడులు: డ్రాఫ్ట్స్‌మన్ మేనేజర్ కావడమంటే ఏమిటి

ఏ డ్రాయింగ్ తీసుకున్నా కుడిచేతివైపు కింది మూలన టైటిల్ బ్లాక్ ఉంటుంది. 185 మి.మీ. పొడవు, 65 మి.మీ. ఎత్తు అని కాలేజీలో నేర్పుతారు. ఆఫీసుని బట్టి కొలతలు కాస్త అటూ ఇటూ అవుతాయి. కంపెనీ పేరు, స్కేలు, డ్రాయింగ్ నంబరు, రివిజన్ నంబరు పోగా అందులో ఒకదాని కింద ఒకటి మూడు చిన్న గడులుంటాయి. గీసినవారు, చెక్ చేసినవారు, అప్రూవ్ చేసినవారు. మొదటి గడిలో నా పొడి అక్షరాలు పెట్టిన రోజుకీ మూడో గడిలో సంతకం చేసిన రోజుకీ మధ్య పదహారేళ్లు గడిచాయి. కాగితం మీద చూస్తే ఆ రెండు గడుల మధ్య ఉన్నది బొటనవేలి గోరంత జాగా.

మా విశాఖలో గాజువాక, ఆటోనగర్, అచ్యుతాపురం వైపు డిజైన్ ఆఫీసుల్లో పనిచేసే కుర్రాళ్లు కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతారు. "మాస్టారూ, ఎనిమిదేళ్లయింది గీస్తున్నాను. మేనేజర్ అవ్వాలంటే ఏం చెయ్యాలి? ఎంబీఏ కట్టమంటారా, పీఎంపీ రాయమంటారా?" పీఎంపీ అంటే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ పరీక్ష. అడగడంలో తప్పు లేదు. కానీ వాళ్లు మొదటి గడిలోంచి ఎకాఎకిన మూడో గడిలోకి వెళ్లే దారి అడుగుతున్నారు. అసలు మార్పంతా జరిగేది రెండో గడిలో. జీతం పెద్దగా పెరగదు, కుర్చీ మారదు, విజిటింగ్ కార్డు రాదు. అయినా చెకర్‌గా గడిపిన ఆ మూడు నాలుగేళ్లలోనే మనిషి ఎటు వెళ్తాడో తేలిపోతుంది. ఎందుకలా అంటున్నానో చెప్పాలంటే ముందు మన ఊరి సంగతి కొంత చెప్పుకోవాలి.

విశాఖలో మొదట్లో డ్రాయింగ్ ఆఫీసంటే ఓడలదే. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ షిప్‌యార్డుకి 1941లో పునాది పడింది. సింధియా జంక్షన్‌కి ఆ పేరు అక్కణ్నించి వచ్చిందే. 1948 మార్చిలో 'జల ఉష' ఓడ నీళ్లలోకి దిగింది, 1961లో యార్డు పూర్తిగా ప్రభుత్వం చేతికొచ్చింది. తర్వాత 1966లో భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసల్స్ వచ్చింది. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. మల్కాపురం రిఫైనరీ, నేవల్ డాక్‌యార్డు సరేసరి. వీటన్నిటికీ గీసేవాళ్లు కావాలి. కంచరపాలెం ఐటీఐ, పాలిటెక్నిక్ ఆ గీసేవాళ్లని తయారుచేస్తూ వచ్చాయి. నాకు పని నేర్పిన పెద్దాయన అలా వచ్చినవారే. ఏ0 సైజు, అంటే బాగా పెద్ద షీటు పట్టే బల్ల మీద ట్రేసింగ్ పేపరు పరిచి, ఇంకు పెన్నుతో గీసి, తప్పొస్తే బ్లేడుతో గీకి సరిచేసిన తరం అది.

ఆ రోజుల్లో ట్రేసర్ (గీసిన డ్రాయింగుని ట్రేసింగ్ పేపరు మీదికి ఎత్తేవాడు), డ్రాఫ్ట్స్‌మన్, సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్, హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ అని మెట్లుండేవి. ఇంకో మంచి కూడా ఉండేది. షీటు బల్ల మీద నిలబెట్టి ఉండేది కాబట్టి టీకి వెళ్లొచ్చే ప్రతివాడి కంటా పడేది. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ వెనకనించి నడుస్తూ "ఈ వెల్డు వెయ్యడానికి చెయ్యి దూరుతుందటయ్యా?" అని ఓ మాట అనేసి పోయేవారట. ఆ మాట పక్క బల్లవాడూ వినేవాడు. పక్కవాడి తప్పులు చూస్తూ చూస్తూ పదేళ్లకి ఎవరికైనా చెక్ చేసే కన్ను వచ్చేసేది. 1982లో ఆటోక్యాడ్ పుట్టింది. అది మన ఆఫీసుల్లోకి వచ్చాక ముందు ట్రేసర్ ఉద్యోగం పోయింది, తర్వాత హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ అన్న మాటే పలచబడింది. పని వేగం పెరిగింది, షీటు మాత్రం స్క్రీన్ లోపలికి వెళ్లిపోయింది. పక్కవాడు ఏం గీస్తున్నాడో పక్కవాడికి తెలీదు. మధ్య మెట్టు ఎక్కడం దానంతటదే నేర్పే ఏర్పాటు మాయమైంది. ఇప్పుడు మనం కావాలని నేర్చుకుంటే తప్ప రాదు. సాఫ్ట్‌వేర్ మీద నాకు ఏ కోపమూ లేదు, ఇది మాత్రం నిజంగా నష్టమే.

ఇక మన ఊళ్లో పైకెళ్లే దారులు ఆఫీసుని బట్టి మారిపోతాయి. ప్రభుత్వ రంగంలో నాన్ ఎగ్జిక్యూటివ్‌కీ ఎగ్జిక్యూటివ్‌కీ మధ్య గోడ ఉంటుంది. ఇన్నేళ్ల సర్వీసు, ఈ చదువు, నోటిఫికేషన్, రాత పరీక్ష, ఇంటర్వ్యూ దాటితేనే ఆఫీసరు. రూల్సు రాసిపెట్టి ఉంటాయి కాబట్టి అయోమయం తక్కువ, ఎదురుచూపు ఎక్కువ. ఆటోనగర్ ఫ్యాబ్రికేషన్ షాపుల్లో, చిన్న కన్సల్టెన్సీల్లో ఆ గోడే లేదు. ఓనరుకి నమ్మకం కుదిరితే ఆరేళ్లకే 'డిజైన్ హెడ్' అంటారు. ఆ హెడ్డే గీయాలి, సైట్‌కి పరిగెత్తాలి, కొటేషనూ వెయ్యాలి. విదేశీ ప్రాజెక్టులకి స్టీల్ డిటెయిలింగ్, పైపింగ్ మోడలింగ్ చేసిపెట్టే ఆఫీసుల్లో డ్రాఫ్టర్ నుంచి ప్రాజెక్ట్ మేనేజర్ దాకా మెట్లన్నీ చార్టులో పొందిగ్గా ఉంటాయి. కానీ అక్కడ చాలామంది ఏళ్ల తరబడి ఒకే రకం కనెక్షన్లు గీస్తూ ఉండిపోతారు, తాము గీసిన బీము ఎక్కడ నిలబడిందో ఎప్పటికీ చూడరు. నన్నడిగితే పని నేర్చుకోవడానికి ఆ చిన్న షాపే మంచి బడి. డ్రాయింగ్‌లో తప్పుంటే సాయంత్రంలోపే వెల్డర్ వచ్చి టేబుల్ దగ్గర నిలబడతాడు.

చెకింగ్ అంటే ఏమిటో నాకు తెలిసింది ఒక తప్పు వల్ల. అప్పటికి నేను చెకర్‌గా మారి ఏడాది కాలేదు. ఒక పంపు స్కిడ్, అంటే పంపునీ దాని పైపులనీ బిగించే ఉక్కు చట్రం, డ్రాయింగులు నా దగ్గరికొచ్చాయి. గీసింది కొత్తగా చేరిన కుర్రాడు. ప్రింటు తీసి, సరైన ప్రతి కొలత మీదా పసుపు పెన్ను, తప్పున్న చోట ఎరుపు పెన్ను వేసుకుంటూ పోయాను. లోపలి కొలతలన్నీ కలిస్తే మొత్తం కొలత వస్తోందా, బిల్ ఆఫ్ మెటీరియల్‌లో (సామాన్ల జాబితాలో) ఐటమ్ నంబర్లు బొమ్మ మీద నంబరు వేసిన గుండ్రాలతో, అదే బెలూన్లతో, కలుస్తున్నాయా, వెల్డు గుర్తులున్నాయా, అన్నీ చూశాను. షీటంతా పసుపుపచ్చగా మెరిసింది. రెండో గడిలో పొడి అక్షరాలు పెట్టేశాను.

ఆరు వారాల తర్వాత సైటు నుంచి ఫోరమన్ ఫోన్. "మాస్టారూ, ఇక్కడ పంపుకి పన్నెండు బొక్కలున్నాయి. మీరు పంపిన పైపుకి ఎనిమిదే. ఏటి సెయ్యమంటారు?"

ఫోన్ పెట్టకముందే అర్థమైంది. ఫ్లాంజి అంటే పైపు చివర బోల్టులతో బిగించే గుండ్రటి అంచు, క్లాస్ అంటే అది తట్టుకునే ప్రెషరు తరగతి. ఆరంగుళాల ఫ్లాంజికి క్లాస్ 150 అయితే ఎనిమిది బోల్టులు, ఆ బోల్టులుండే వలయం (బోల్టు సర్కిల్) 241.3 మి.మీ. క్లాస్ 300 అయితే పన్నెండు బోల్టులు, సర్కిల్ 269.9 మి.మీ. ఆ లైనుకి క్లయింటు మధ్యలో స్పెసిఫికేషన్ మార్చి 300 చేశాడు. ఆ మార్పు మా ఫోల్డర్‌లోకి వచ్చింది కూడా. కుర్రాడు పాత స్పెక్ పెట్టుకుని గీశాడు. నేను డ్రాయింగ్‌ని డ్రాయింగ్‌తోనే సరిచూశాను. గీతలన్నీ ఒకదానితో ఒకటి అందంగా కలిశాయి, ఎందుకంటే అన్నీ కలిసి ఒకే తప్పు చేస్తున్నాయి. ఈ డ్రాయింగ్‌కి ఆధారం ఏ కాగితం, ఆ కాగితం ఇవాళ్టిదేనా అని నేను అడగలేదు.

ఆ రోజు మా మేనేజరు చేసిన మూడు పనులు నాకు ఈ రోజుకీ గుర్తే. ముందు క్లయింటుకి ఫోన్ చేసి "మా పొరపాటు, స్పూలు మార్చి పంపుతాం" అన్నారు. స్పూలంటే షాపులో ముందే వెల్డు చేసి పంపే పైపు ముక్క. కుర్రాడి పేరు గానీ నా పేరు గానీ ఎత్తలేదు. తర్వాత షాపుకి ఫోన్ చేసి క్లాస్ 300 ఫ్లాంజిలు ఎక్కడ దొరుకుతాయో, ఎన్ని రోజులు పడుతుందో కనుక్కున్నారు. మూడోది, సాయంత్రం మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి ఒక్క కేక కూడా వెయ్యకుండా కొత్త పద్ధతి పెట్టారు. ఇకనుంచి చెక్ ప్రింటు పై మూలన, చెక్ చెయ్యడం మొదలుపెట్టేముందే, ఏ స్పెక్ ఏ రివిజన్ చూసి చెక్ చేస్తున్నామో చేత్తో రాయాలి. అది రాయని ప్రింటు చెక్ అయినట్టు లెక్క కాదు.

ఆ మూడు పనుల్లో ఒక్కటి కూడా గీయడం కాదు. అలాగని గీయడం తెలియనివాడు చెయ్యగలిగినవీ కాదు. ఫ్లాంజి క్లాసు మారితే ఇంకేమేం మారతాయో తెలిసినవాడే నిమిషంలో క్లయింటుకి మాటివ్వగలడు. డ్రాఫ్టింగ్ నుంచి వచ్చిన మేనేజరుకి ఉన్న బలం ఇదే. ఎంబీఏ చదివి నేరుగా ఆ కుర్చీలో కూర్చున్నవారికి ఈ బలం రావడానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి "నేను గీసేవాణ్నే కదా" అని ముడుచుకుపోయే కుర్రాళ్లని చూస్తే బాధేస్తుంది.

మేనేజర్ పనిలో రెండో సగం గంటల లెక్క. డ్రాఫ్ట్స్‌మన్‌ని "ఈ షీటుకి ఎంత టైము పడుతుంది?" అంటే "రెండ్రోజులు" అంటాడు. నిజమే చెప్తాడు, తన వరకు. ఊరికే ఒక లెక్క వేసుకుందాం. 120 షీట్ల ప్యాకేజీ, షీటుకి 16 గంటలు. 1,920 గంటలు. నలుగురు మనుషులు, రోజుకి 8 గంటలు, నెలకి 25 రోజులు, అంటే నెలకి 800 గంటలు. 2.4 నెలల్లో అయిపోవాలి. కానీ షీటుకి 3 గంటల చెకింగ్ ఉంటుంది. చెక్ అయ్యాక దిద్దడానికి 4 గంటలు వేసుకుందాం. అప్పుడు షీటు ఖరీదు 16 కాదు, 23 గంటలు. దిద్దడానికే 480 గంటలు పోతాయి, అవీ ఆ నలుగురివే. చెకింగ్ వేరే మనిషి చేసినా సరే, 2.4 నెలలు కాస్తా 3 నెలలైంది. ఆపైన క్లయింటు కామెంట్లొచ్చి ఒక రివిజన్ తిరిగితే, షీటుకి సగటున 3 గంటలనుకున్నా ఇంకో 360 గంటలు. దగ్గర దగ్గర సగం నెల. మధ్యలో ఒకడికి చెల్లెలి పెళ్లి, ఇంకోడికి జ్వరం, సంక్రాంతికి ఊళ్లన్నీ ఖాళీ. ఇవన్నీ ముందే ఊహించి "మూడున్నర నెలలు" అని చెప్పగలిగినవాడు మేనేజరు. రెండున్నర నెలలని ఒప్పేసుకుని చివరి నెలంతా టీముని రాత్రి పదింటిదాకా కూర్చోబెట్టేవాడు కూడా మేనేజరు అనే అనిపించుకుంటాడు. మా రంగంలో మనుషులు మానేసి వెళ్లిపోవడానికి జీతం కన్నా ఈ రెండోరకం లెక్కలే ఎక్కువ కారణం. ఇది నేను కళ్లారా చూసిన సంగతి.

ఈ లెక్కలోనే డబ్బు కూడా ఉంది. క్లయింటు నుంచి కామెంట్లు వచ్చాయనుకోండి. డ్రాఫ్ట్స్‌మన్‌కి అవన్నీ దిద్దాల్సిన పనులే. మేనేజరు ఒక్కో కామెంటునీ రెండు కుప్పల్లో ఒకదాంట్లో వెయ్యాలి. ఇది మన తప్పా, వాళ్లు మనసు మార్చుకున్నారా? మన తప్పయితే నోరు మెదపకుండా దిద్దాలి. వాళ్లు ప్లాట్‌ఫారం ఎత్తు మారుద్దామని ఇప్పుడు అనుకుంటే, అది కొత్త పని. దానికి ఇన్ని గంటలవుతుంది, ఇంత అదనమవుతుంది అని పని మొదలుపెట్టకముందే మెయిలు పెట్టాలి. అయ్యాక అడిగితే ఎవరూ ఇవ్వరు. డ్రాఫ్టింగ్ నుంచి వచ్చినవాళ్లం ఇక్కడే ఎక్కువ నష్టపోతాం. గీత మార్చమంటే మార్చడం చేతికి అలవాటైపోయింది. కాదనడమో, డబ్బడగడమో అమర్యాదలా అనిపిస్తుంది. నాకు ఆ మొహమాటం పోవడానికి రెండేళ్లు పట్టింది. గీతకి బరువుంటుందని కూడా గుర్తుపెట్టుకోవాలి. 10 మి.మీ. ప్లేటు చదరపు మీటరుకి 78.5 కిలోలు, 12 మి.మీ. అయితే 94.2. ఎవరో 'సేఫ్టీకి' అని 200 చదరపు మీటర్ల ట్యాంకుకి 12 రాసేస్తే మూడు టన్నులకి పైగా స్టీలు పెరిగింది. రవాణా, క్రేను, ఫౌండేషను లెక్కలు దాని వెనకే కదులుతాయి.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన విషయం. పదోన్నతి వచ్చిన డ్రాఫ్ట్స్‌మన్ చేసే మొదటి తప్పు మౌస్ లాక్కోవడం. కుర్రాడు ఏదో గీస్తుంటాడు, వెనక నిలబడి చూస్తాం. వాడు మూడు కమాండ్లలో చేసేది మనం ఒక్కదాంట్లో చేస్తాం. చెయ్యి ఊరుకోదు. "లే, నేను చూపిస్తా" అని వాడి కుర్చీలో కూర్చుంటాం. పావుగంటలో పనైపోతుంది. మనసుకి హాయిగా ఉంటుంది, ఎందుకంటే ఆ రోజు మొత్తంలో మనకి బాగా వచ్చిన పని అదొక్కటే. మీటింగుల్లో తడబడ్డాం, మెయిలు రాయడానికి గంట పట్టింది, ఇదొక్కటీ మనదిలా అనిపించింది. కానీ వెనక నిలబడ్డ కుర్రాడు నేర్చుకున్నది ఒకటే: సార్ వస్తారు, సార్ చేస్తారు. ఆరు నెలలు పోయేసరికి పదిమంది టీములో కష్టమైన షీట్లన్నీ మేనేజరు ఒక్కడే గీస్తుంటాడు, రాత్రిళ్లు. ఆ పదిమందీ మాత్రం ఎక్కడివాళ్లక్కడే ఉంటారు.

దీని వెనక ఒక భయం ఉంది, అది మామూలు భయం కాదు. చేతిలో ఉన్న విద్య తుప్పు పడుతుందేమోనని. కొత్త వెర్షన్లు వస్తాయి, మోడలింగ్ సాఫ్ట్‌వేర్లు మారతాయి, మూడేళ్లు ముట్టుకోకపోతే మనం మళ్లీ గీసి బతకలేం. రేపు ఈ మేనేజర్ ఉద్యోగం పోతే? నిజాయితీగా చెప్పాలంటే ఈ భయం పూర్తిగా పోదు, వేగం తగ్గిన మాటా నిజమే. తగ్గనిది వేరేది: డ్రాయింగ్ చూడగానే ఎక్కడ తేడా ఉందో పట్టే కన్ను. దాన్ని కాపాడుకోవడానికి నేను వారానికి రెండు షీట్లు, ఎవరివైనా సరే, కూర్చుని పూర్తిగా చెక్ చేస్తాను. గీయను.

మనుషుల సంగతి ఇంకో ఎత్తు. నిన్నటిదాకా పక్క కుర్చీలో కూర్చుని "ఒరే" అనుకున్నవాడికి ఇవాళ లీవు ఇవ్వాలా వద్దా తేల్చాలి. అంతకన్నా ఇబ్బంది, మనకి పని నేర్పిన పెద్దవాళ్లు మన కిందకి వచ్చినప్పుడు. నేను 'గారు' తీయలేదు, కుర్చీలోంచి లేవడం మానలేదు. కానీ ఒకసారి ఆయన షీట్లో తప్పు కనిపిస్తే, చెప్పలేక నేనే దిద్ది పంపేశాను. రెండోసారీ అలాగే చేశాను. మూడోసారి ఆయనే నా దగ్గరికొచ్చి, "బాబూ, నా షీట్ల మీద ఎరుపు రావట్లేదేంటి? నన్ను లెక్కలోంచి తీసేశావా?" అన్నారు. సిగ్గేసింది. గౌరవమనుకుని నేను చేసింది ఆయనకి అవమానమైంది. ఆ మర్నాటి నుంచి ఆయన ప్రింటు మీద కూడా అందరికీ వేసినట్టే ఎరుపు వేశాను. కాకపోతే అది నేనే తీసుకెళ్లి ఆయన బల్ల దగ్గర ఇచ్చేవాణ్ని, ఎవరితోనూ పంపేవాణ్ని కాదు.

చదువుల గురించి చెప్పకపోతే అడిగినవాళ్లు ఊరుకోరు. ఇక్కడ జాగ్రత్తగా ఉండకపోతే డబ్బూ ఏళ్లూ పోతాయి. ఐటీఐ రెండేళ్ల ట్రేడు చేసినవాళ్లకి పాలిటెక్నిక్‌లో రెండో ఏడాదిలో చేరే దారి ఉంది. డిప్లొమావాళ్లకి ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారి ఉంది. వెనకటి తరంలో ఉద్యోగం చేస్తూ ఏఎంఐఈ (ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ పెట్టే పరీక్ష) పాసై ఇంజనీర్లయినవాళ్లు మన ఊళ్లో కనిపిస్తారు. కానీ 2013 మే 31 తర్వాత దాంట్లో చేరినవాళ్లకి ఆ డిగ్రీ సమానత్వ గుర్తింపు లేదు. పాత సీనియర్ చెప్పాడు కదా అని ఇప్పుడు ఫీజు కట్టకండి. దూరవిద్య బీటెక్ మరీ ప్రమాదం. 2017 నవంబరు 3న ఒరిస్సా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు, కొన్ని డీమ్డ్ వర్సిటీలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీల మీద తీర్పు చెప్పింది. 2001-05 మధ్య చేరినవాళ్ల డిగ్రీలు ఆపి, సాంకేతిక విద్యని చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ మళ్లీ పరీక్ష పెట్టాలంది. ఆ తర్వాత చేరినవాళ్లవి చెల్లవంది. ఆ గొడవ మొదలైందే డిప్లొమాతో ఉద్యోగంలో ఉండి, ప్రమోషన్ కోసం అలాంటి డిగ్రీ తెచ్చుకున్నవాళ్ల దగ్గర. మనలాంటివాళ్లే. ఏ కోర్సుకైనా ముందు ఏఐసీటీఈ అనుమతి చూసుకుని, మీ హెచ్ఆర్ దాన్ని ప్రమోషన్‌కి లెక్కలోకి తీసుకుంటారా అని రాతపూర్వకంగా అడగండి.

పీఎంపీ పరీక్ష రాయాలంటే 35 గంటల శిక్షణతోపాటు ప్రాజెక్టులు నడిపిన అనుభవం చూపించాలి. నాలుగేళ్ల డిగ్రీ ఉంటే 36 నెలలు, డిప్లొమా స్థాయి అయితే 60 నెలలు. అంటే అది కూడా ముందు పని నడిపినవాళ్లకే. సర్టిఫికెట్ తెచ్చుకుంటే పని ఇస్తారనుకోవడం ఎద్దు ముందు బండి కట్టడమే.

హోదా మారిన రోజు చట్టం దృష్టిలో కూడా మనిషి మారతాడు. దీన్ని ఎవరూ చెప్పరు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో టెక్నికల్ పని చేసేవాళ్లు 'వర్క్‌మన్' కిందకి వచ్చేవారు, డ్రాఫ్ట్స్‌మన్ అందులోనివాడే. మేనేజర్ హోదాలో ఉన్నవాళ్లు వచ్చేవారు కాదు. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఈ గీత ఉంచింది. సూపర్వైజరీ పనిలో నెలకి 18,000 రూపాయలు దాటి తీసుకునేవాళ్లు కూడా ఆ రక్షణ బయటే. రక్షణ అంటే ఏమిటంటే, ఏడాది సర్వీసు నిండిన వర్కర్‌ని సిబ్బంది తగ్గింపు పేరుతో తీసెయ్యాలంటే నెల ముందు నోటీసు, పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. మేనేజరుకి దిక్కు అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో ఏం రాసుందో అదే. పీఎఫ్, గ్రాట్యుటీ మాత్రం ఎక్కడికీ పోవు. ఇంకో సంగతి, విజిటింగ్ కార్డు మీద పేరు మార్చినంత మాత్రాన మేనేజర్ అయిపోరు. అసలు రోజంతా చేసే ముఖ్యమైన పని ఏమిటో చూడాలని కోర్టులు ఎప్పట్నించో చెప్తున్నాయి. ఓటీ (ఓవర్‌టైం డబ్బు) ఎగ్గొట్టడానికే 'అసిస్టెంట్ మేనేజర్' అని రాసి రాత్రి పదకొండుదాకా గీయించే చోట్లున్నాయి. ఓటీ వస్తున్న చోట పదోన్నతి ఇస్తున్నారంటే, కిందటేడాది మొత్తం ఓటీతో కలిపి చేతికొచ్చింది ఎంత, కొత్త జీతం ఎంత, రెండూ పక్కపక్కన రాసుకుని చూడండి. తక్కువొస్తే అడగండి. అడగడం నామోషీ కాదు.

ఆడపిల్లల గురించి ఒక మాట. ఐటీఐలనుంచీ పాలిటెక్నిక్‌లనుంచీ మంచి డ్రాఫ్టర్లు వస్తున్నారు, వాళ్లలో నాకన్నా కన్ను పదునైనవాళ్లని చూశాను. చెకర్ దాకా బాగానే వస్తారు. అక్కణ్నించి "సైట్ ఎక్స్‌పీరియెన్స్ లేదు" అన్న ఒక్క ముక్కతో ఆగిపోతారు. సైట్‌కి పంపనిది మనమే, పంపలేదని మార్కులు తగ్గించేదీ మనమే. పరవాడకో అచ్యుతాపురానికో పొద్దున్న తీసుకెళ్లి సాయంత్రం దింపే బండి ఒకటి, సైట్లో శుభ్రమైన టాయిలెట్ ఒకటి ఏర్పాటు చేస్తే ఈ అడ్డంకి చాలావరకు పోతుంది.

అందరూ మేనేజర్లు కావాలని లేదు. పైపుల స్ట్రెస్ ఐసోమెట్రిక్ డ్రాయింగుల్లో, ఓడ హల్ (అడుగు శరీరం) బ్లాకుల్లో చెయ్యి తిరిగిన మనిషిని మీటింగుల్లో కూర్చోబెట్టడం ఆయనకీ ఆఫీసుకీ నష్టమే. అలాంటివారికి లీడ్ చెకర్, స్పెషలిస్ట్ అని వేరే మెట్లు కట్టి మేనేజరుతో సమానంగా జీతమిచ్చే ఆఫీసులు తక్కువ. అందుకే ఇష్టం లేనివాళ్లు కూడా డబ్బు కోసం మూడో గడి కోసం క్యూ కడతారు. ఇది మనుషుల తప్పు కాదు.

ఇష్టమున్నవాళ్లు మాత్రం హోదా కోసం ఎదురుచూడకండి. బాసు దగ్గరికెళ్లి "ఈ ఒక్క ప్యాకేజీ చెక్ ప్రింట్లు నాకివ్వండి, గంటల లెక్క కూడా నేనే రాస్తాను" అని అడగండి. కాదనేవాళ్లు తక్కువ, ఎందుకంటే చెకింగ్ చెయ్యడానికి మనుషులు దొరకరు.

కిందటి నెల మా ఆఫీసులో ఒక కుర్రాడు అలాగే అడిగితే 14 షీట్లు ఇచ్చాను. మర్నాడు తెచ్చాడు, నిండా ఎరుపు. లెక్కపెడితే 61 చోట్ల. "వీటిలో షాపులో పని తప్పుగా చేయించేవెన్ని?" అన్నాను. వెళ్లి గంట కూర్చుని వచ్చాడు. తొమ్మిది. మిగతావి అక్షరం సైజు, బాణం గుర్తు, తనైతే ఇంకోలా గీసేవాణ్నన్న ఇష్టాలు. ఆ తొమ్మిదీ పట్టుకుని, షీట్లు గీసిన అమ్మాయి దగ్గరికి వెళ్లాడు. నేను అద్దాల గదిలోంచి చూస్తున్నాను. కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. ప్రింటు బల్ల మీద పెట్టి, మొదటి ఎరుపు దగ్గర వేలు పెట్టి ఏదో అడిగాడు. ఆమె ఆలోచించి, స్క్రీన్ మీద జూమ్ చేసి, తలూపింది. ఓసారి అతని చెయ్యి మౌస్ వైపు వెళ్లబోయింది. ఆ చెయ్యి మధ్యలోనే ఆగి, ప్రింటు మీదున్న పసుపు పెన్ను తీసుకుంది.